పొగ చెప్పే సాక్ష్యం

కొండమీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పున్నదని ఊహించడం మన తర్కశాస్త్రంలో అతి ప్రాచీనమైన ఉదాహరణ. అనుమాన ప్రమాణమంటే ఏమిటో శిష్యులకు బోధించడానికి నైయాయికులు తరతరాలుగా ఈ పొగనే చూపుతూ వచ్చారు. మోటారు యుగం వచ్చిన తరువాత ప్రశ్న కొంత మారినది. ఇంజనులో నిప్పున్నదన్న మాట అందరూ ఎరిగినదే. అక్కడ మండుతున్నదేమిటి, అది మండవలసినదా, మండకూడనిదా అన్నదే ఇప్పుడు తేల్చవలసిన విషయం. పాత కారు వెనుక గొట్టం నుంచి వెలువడే పొగను చూచి లోపలి వ్యాధిని గుర్తించే ఈ విద్యకు కూడ ఒక చరిత్ర ఉన్నది.

ఆ చరిత్రను చెప్పుకొనడానికి సికింద్రాబాదుకు ఉత్తరాన ఉన్న బొల్లారం తగిన చోటు. హైదరాబాదు కంటింజెంటు సైన్యపు దండుగా పెరిగిన ఊరది. అక్కడ 1860లో కట్టిన రెసిడెన్సీ భవనమే నేటి రాష్ట్రపతి నిలయం. 1900 ప్రాంతంలో మన్మాడు వైపు వేసిన మీటరుగేజి రైలుమార్గం బొల్లారం మీదుగా సాగినది. తిరుమలగిరి, లోతుకుంట, అల్వాలు దాటి వచ్చే రోడ్డుమీద గుర్రపుబండ్ల వెనుక మోటార్లు వచ్చినవి. ఆవిరి యంత్రం, పెట్రోలు యంత్రం ఒకదాని ప్రక్కన మరొకటి పనిచేసిన తావు అది. పొగను చదవడం మనవారు ముందుగా నేర్చినది ఆవిరి యంత్రం దగ్గరనే.

రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మను ఒక కన్ను కొలిమిమీద, మరొక కన్ను పొగగొట్టంమీద ఉంచవలసి వచ్చేది. గొట్టం నుంచి దట్టమైన నల్లపొగ లేచినదంటే బొగ్గుకు తగిన గాలి అందలేదన్నమాట. ఆ నలుపు కాలకుండా ఎగిరిపోతున్న బొగ్గే. అది పొగ కాదు, సొమ్ము. మోటారుకారులోని నల్లపొగకు కూడ అర్థం ఇదే. పెట్రోలు సక్రమంగా మండడానికి బరువులో దానికి సుమారు 15 రెట్లు గాలి కావలెను. చోకు తెరచుకొనక బిగిసిపోయినా, గాలిని వడగట్టే ఫిల్టరు దుమ్ముతో మూసుకొనిపోయినా, కార్బురేటరులో ఫ్లోటు పాడై పెట్రోలు పొర్లినా ఈ నిష్పత్తి చెడుతుంది. ప్లగ్గు విప్పి చూస్తే దానిమీద పొడి మసి పట్టి ఉంటుంది. నల్లపొగ చూడడానికి భయంకరమైనదే గాని తరచుగా కొద్దిపాటి ఖర్చుతో నయమయ్యేది.

1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే వారు తమ శాఖగానే రోడ్డు రవాణాను ఆరంభించినారు. అప్పటికి బస్సులు 27, ఉద్యోగులు 166 మంది. తరువాతి కాలపు రోడ్డు రవాణా సంస్థలకు మూలం అదే. ఈ విధంగా రైలుదారి, మోటారుదారి ఒకే యాజమాన్యం క్రిందకు వచ్చినవి. కాని బొగ్గుపొగ నేర్పిన పాఠం మోటారుకు చాలదు. ఇక్కడ నలుపుతో పాటు నీలివన్నె కూడ ఉన్నది. నీలిపొగ అంటే పెట్రోలు కాదు, ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. ఇంజను ఆయిలు తాగుతున్నదని మన మేస్త్రీలు అనేది దీనినే.

ఇక్కడనే చరిత్ర మనకొక హెచ్చరిక చేస్తుంది. అమెరికాకు చెందిన చార్లెస్ యేల్ నైట్ అనే ఆయన మామూలు వాల్వులకు బదులు సిలిండరులో జారే తొడుగులుండే ఇంజనును కల్పించినాడు. ఇంగ్లాండులోని డైమ్లర్ సంస్థ 1909 నుంచి దానిని తన కార్లలో వాడినది. రాజులకూ, సంస్థానాధీశులకూ అవి ఇష్టమైన బండ్లు, ఎందుకంటే చప్పుడు లేకుండ నడిచేవి. అయితే ఆ తొడుగుల నడుమ ఆయిలు ఎల్లప్పుడూ ఉండవలెను గనుక, కొత్త బండి కూడ సన్నని నీలిపొగను వదలుతూనే ఉండేది. అది వ్యాధి కాదు, స్వభావం. అదే నీలిపొగ ఒక అంబాసిడరులోనో, ఫియట్‌లోనో కనిపిస్తే అది అరుగుదలకు గుర్తు. కనుక రంగు ఒక్కటే సాక్ష్యం కానేరదు. ఏ యంత్రం, ఏ వేళ, ఎంతసేపు అన్న మూడు ప్రశ్నలను రంగుతో జోడించినప్పుడే తీర్పు నిలుస్తుంది.

రాత్రంతా నిలిపిన కారును ఉదయం నడపగానే ఒక నీలిమబ్బు లేచి, కొద్దిసేపటికే అణగిపోయిందనుకొందాము. ఆయిలు రాత్రి వాల్వు గైడుల వెంట మెల్లగా దిగి, తెల్లవారి మండినదన్నమాట. వాలులో కాలు తీసి దిగి, క్రిందికి వచ్చిన తరువాత మరల త్రొక్కగానే పొగ వచ్చినా దోషం అక్కడిదే. యాక్సిలరేటరు మూసినప్పుడు లోపల ఏర్పడే పీల్పు ఆయిలును గైడుల గుండా లాగుతుంది. అట్లాగాక, ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు నీలిపొగ విడువక వస్తూంటే పిస్టను రింగులో, సిలిండరు గోడలో అరిగినవని అనుమానించవలెను. అనుమానం తీర్చుకొనడానికి మార్గమున్నది. ప్లగ్గు తీసి సిలిండరులో కంప్రెషను కొలిచి, తరువాత కొద్దిగా ఆయిలు పోసి మరల కొలవవలెను. రెండవసారి అంకె బాగా పెరిగితే లోపం రింగులది. పెరగకపోతే వాల్వులదో, గాస్కెట్టుదో.

ఈ భేదం గృహస్థుకు ఎంతో విలువైనది. వాల్వు సీళ్ళు మార్చడం చిన్నపని. ఇంజను బోరుకు వచ్చినదని సిలిండర్లు కోయించి కొత్త పిస్టన్లు వేయించడం పెద్దపని. మొదటిదానితో పోయేదానికి రెండవది చేయించుకొన్న కుటుంబాలు తక్కువేమీ కావు. సుమారు 1958 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడరు మన ఇళ్ళలో వస్తువు కాదు, ఒక పెద్దదిక్కు. అటువంటి బండిని పరీక్షింపకనే పాత ఇనుముకు వేయడమూ, పరీక్షింపకనే విప్పించడమూ రెండును పొరపాట్లే.

తెల్లపొగ సంగతికి వస్తే, నైయాయికుల హెచ్చరికే మరల జ్ఞాపకం వస్తుంది. ఆవిరిని చూచి పొగ అని భ్రమించినవాని అనుమానం చెల్లదని వారన్నారు. పెట్రోలు మండినప్పుడు నీరు పుడుతుంది. ఒక లీటరు పెట్రోలు నుంచి దాదాపు ఒక లీటరు నీరు. పుష్యమాసపు చలిలో బొల్లారం వీధిలో తెల్లవారుజామున కారు వెనుక కనబడే తెల్లదనం ఆ నీటి ఆవిరే. ఇంజను వేడెక్కగానే అది మాయమవుతుంది. మాయం కాక, తీపి వాసనతో దట్టంగా వస్తూ, రేడియేటరులో నీరు నానాటికి తగ్గుతూ, ఆయిలు మజ్జిగవలె తెల్లబారినదంటే హెడ్డు గాస్కెట్టు పాడై నీరు లోపలికి చేరుతున్నదని తెలుసుకొనవలెను. ఆ స్థితిలో బండిని ఇంకా నడపడం ప్రమాదం. వేడిమీద రేడియేటరు మూత విప్పడం అంతకంటె ప్రమాదం.

ఈ విధంగా చదవడం ఒకప్పుడు చేతిపనివాని అనుభవానికి మాత్రమే అందిన విద్య. సైనిక వాహనాలను బాగుచేసేవారికి శిక్షణ ఇవ్వడానికి 1953లో తిరుమలగిరిలో ఏర్పడిన ఇ.ఎమ్.ఇ. స్కూలు వంటి సంస్థల వలన ఆ అనుభవం పాఠ్యాంశమై, కొలతలతో కూడిన శాస్త్రమైనది.

కొలతలు ఎందుకు కావలసి వచ్చినవంటే, ఇంజను వదిలేవాటిలో మిక్కిలి హానికరమైనవి కంటికి కనపడవు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపరాదని చెప్పేది అందుకే. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ బృందం ఇంజను టక్కుటక్కుమనకుండ పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపే ఉపాయం కనుగొన్నది. ఆ సీసం దశాబ్దాల తరబడి మన వీధుల గాలిలో కలిసినది. పిల్లల మెదడుకు అది చేటు. అయినా ఆ పొగలో అది ఏ రంగుగానూ కనిపించలేదు. 2000 ఫిబ్రవరి 1 నాటికి గాని మన దేశమంతటా సీసం లేని పెట్రోలు రాలేదు. ప్రపంచంలో చివరి దేశమైన అల్జీరియా దానిని మానినది 2021లో. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల క్రింద పొగ పరీక్ష పత్రం తప్పనిసరి కావడంలోని ఆంతర్యం ఇదే. పెట్రోలు బండిని నిలిపి నడిపి, అందులోని కార్బన్ మోనాక్సైడును పరికరం కొలుస్తుంది.

కనుక పాత బండి గల గృహస్థులు తమ పొగను తామే మొదట గమనించుకొనడం మంచిది. రంగు, వాసన, వచ్చే వేళ, నిలిచే కాలం – ఈ నాలుగింటిని వారం రోజులపాటు కాగితం మీద వ్రాసి ఉంచి, నెలకు ఎంత ఆయిలు, ఎంత నీరు పోయవలసి వస్తున్నదో జతచేసి మేస్త్రీకి చూపితే, ఆయన పని సగం తీరినట్లే. పొగ కనిపించని బండిని కూడ క్రమం తప్పకుండ పరీక్ష చేయించవలెను. బండి మనదే కావచ్చును గాని, దాని వెనుక నడిచేవారు పీల్చే గాలి మన ఒక్కరిది కాదు.