ఎఱ్ఱగుడి శాసనము – దంతవైద్య గురువులు

జొన్నగిరి పేరు వినగానే తొలకరి వానల వెంట పొలములలో వజ్రములు వెదకు జనము జ్ఞప్తికి వత్తురు. ఆదోని, ఎమ్మిగనూరు సీమలవారికి ఈ దృశ్యము క్రొత్త కాదు. చరిత్రకారులకు ఆ ఊరు వేరొక కారణమున ప్రియమైనది. అశోకుని దక్షిణదేశ రాజప్రతినిధి వసించిన సువర్ణగిరి ఈ జొన్నగిరియే యని కొందరు పండితుల అభిప్రాయము. కాదు, కర్ణాటకమందలి కనకగిరి యని మరికొందరి వాదము. ఆ వివాద మెట్లు తేలినను, జొన్నగిరికి సమీపమున ఎఱ్ఱగుడి బండలమీద అశోకుని శాసనములున్న మాట నిర్వివాదము. 1929 ప్రాంతమున అనూ ఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వానిని లోకమునకు తెలియజేసెను.

శ్రోతలారా! ఆ శాసనములలోని రెండు మాటలు నేటి మా ప్రసంగమునకు మూలము. మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పరచితిననియు, ఓషధులు లేనిచోట్లకు వానిని తెప్పించి నాటించితిననియు రాజు చెప్పుకొనెను. ఇది మొదటి మాట. మావటీండ్రు, లేఖకులు, రథశిక్షకులు, బ్రాహ్మణులు తమ శిష్యులకు ప్రాచీన సంప్రదాయము చొప్పున బోధింపవలెననియు, శిష్యులు ఆచార్యుని గౌరవింపవలెననియు ఆదేశించెను. ఇది రెండవది. మూలికను తెచ్చి నాటవచ్చును. దాని గుణమెరిగిన గురువును నాటుట ఎట్లు?

ఆధునిక కాలమున ఈ ప్రశ్న దంతవైద్య విద్యను మిక్కిలిగా బాధించినది. నూరుమంది కూర్చున్న గదిలో చరిత్రపాఠము చెప్పవచ్చును. పుచ్చిన పంటిని తొలచి పూడ్చుట అట్లు నేర్పరాదు. ప్రతి విద్యార్థి చేతిమీదను గురువు కన్ను ఉండవలెను. వెండ్రుకవాసి తప్పినచో నొప్పి రోగిది.

మన దేశమున ఈ విద్యకు ఆద్యుడు డాక్టరు రఫీయుద్దీన్ అహ్మద్. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1915లో పట్టము పొందిన ఆయన, 1920లో కలకత్తా నగరమున దంతవైద్య కళాశాల స్థాపించెను. దాని ఖర్చులకు ‘న్యూయార్కు సోడా ఫౌంటెన్’ అను తన దుకాణపు రాబడి తోడ్పడెను. 1928లో విద్యార్థులకొరకు గ్రంథము వ్రాసెను. 1949లో కళాశాలను ప్రభుత్వమునకు అప్పగించెను. సోడా అమ్మిన డబ్బుతో ఒక గురువు దాదాపు ముప్పది యేండ్లు నిలిచెను గనుక విద్య నిలిచినది. అయితే ప్రతి కళాశాలకును అట్టి త్యాగి దొరకునని నమ్మి దేశము కూర్చుండరాదు గదా!

1946లో భోర్ సంఘము తన నివేదికలో, వేతనముపై పూర్తికాలము పనిచేయు వైద్యులు సొంత ప్రాక్టీసు చేయరాదని సిఫారసు చేసెను. 1948లో దంతవైద్యుల చట్టమును, మరుసటి యేట భారత దంతవైద్య మండలియు వచ్చినవి. మద్రాసులో 1953లోను, హైదరాబాదులో 1959లోను ప్రభుత్వ దంతవైద్య విద్య ఆరంభమైనది. పిమ్మట విజయవాడ, కడపలలో ప్రభుత్వ కళాశాలలును, కర్నూలు మొదలగు పట్టణములలో ప్రయివేటు కళాశాలలును వెలసినవి.

భవనము రెండేండ్లలో లేచును. ఆచార్యుడు అంత శీఘ్రముగా లేవడు. పట్టమునకు ఐదేండ్లు, పై పట్టమునకు మూడేండ్లు, ఆపైన మండలి నియమముల ప్రకారము ఉపన్యాసకుడుగను రీడరుగను తొమ్మిదేండ్లు. వెరసి పదునేడేండ్లు! ఈలోపల పట్టణమున సొంత వైద్యశాల తెరచిన సహాధ్యాయి ఇల్లు కట్టుకొనును. జీతము ఆలస్యమై, పదోన్నతి కదలక, బదిలీ మాత్రము వేళకు వచ్చినచో ఎంతటి విద్యాప్రియుని మనస్సైనను చలించును. సంపన్నమగు అమెరికాలో సైతము దంతకళాశాలలు అధ్యాపకులకొరకు వెదకుకొనుచునే యున్నవి. అక్కడను సొంత ప్రాక్టీసు రాబడియే పోటీ.

గురువు వెడలిపోయిన నష్టము విద్యార్థితో ఆగదు. నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివలన ప్రజలకు కలిగిన వ్యాధిని 1937లో షార్టు మొదలగు వైద్యులు వర్ణించిరి. పండ్లమీది మచ్చ బావినీటి దోషమును చాటినది. శ్రీకాకుళ, విశాఖ తీరమున నిప్పు నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగు స్త్రీల అంగిలిలో కలుగు మార్పులు వైద్యశాస్త్రమునకు కెక్కినవి. ఇట్టివి ఒక ప్రాంతమున ఏండ్లతరబడి నిలిచి, అవే గ్రామముల నోళ్ళు మరల మరల చూచువానికే బోధపడును. ఏటేట మారు ఉపాధ్యాయునికి రోగి కనబడును గాని, ఊరు కనబడదు.

కావున పిలిచి ఉద్యోగమిచ్చుట సగము పనియే. వేళకు జీతము, క్రమమైన పదోన్నతి, నివాసము, బిడ్డలకు మంచి బడి, పరిశోధనకు తీరిక సమకూర్చుట మిగిలిన సగము. ఎఱ్ఱగుడి బండ ఆచార్యుని గౌరవింపుమని శిష్యునికి చెప్పినది. నేడు ఆ మాట కళాశాల నడపువారు గూడ వినవలెను. తెచ్చి నాటిన మొక్కకు నీరుపోయు భారము నాటినవారిదే గదా!