చుక్కలలో ఆజ్ఞలు: మాంచెస్టరు గణకయంత్రము

1946లో అమెరికాలో ప్రదర్శింపబడిన ఎనియాక్ యంత్రములో సుమారు 18,000 వాల్వులుండెను. లెక్కల వేగములో నాడు దానికి సాటి లేదు. కాని ఒక లెక్క ముగించి మరియొక విధమైన లెక్కకు పూనుకొనవలెనన్న తీగలను ఊడదీసి వేరుగా బిగింపవలెను, మీటలను మార్చవలెను. ఇందుకు దినములు పట్టెడిది. క్షణములో పనిచేయు యంత్రమునకు పని చెప్పుటకు దినములు పట్టుట విడ్డూరమే గదా!

దీనికి విరుగుడు 1945లోనే తోచినది. ఆజ్ఞలను గూడ అంకెలుగా మార్చి, లెక్కకు వలయు సంఖ్యలతోపాటు యంత్రముయొక్క స్మృతిలోనే ఉంచినచో తీగలతో పని యుండదు. ఫాన్ నాయ్‌మన్ పేర ఆ యేట వెలువడిన నివేదిక ఈ ఏర్పాటును వివరించెను. ఊహ బాగుగనే యున్నది. కాని అంత వేగముగా వ్రాసి చదువుటకు వీలగు స్మృతి ఏది?

యుద్ధకాలమున రాడారు పరిశోధనలో పనిచేసిన ఎఫ్. సి. విలియమ్స్, టామ్ కిల్‌బర్న్ అనువారు ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయములో దానిని సాధించిరి. వారు తీసికొన్నది నాటి టెలివిజనులో బొమ్మ చూపుచుండిన కాథోడ్ కిరణ నాళమునే. ఎలక్ట్రాను కిరణము తెరపై తాకినచోట కొంత విద్యుదావేశము నిలుచును. 0కు ఒక తీరు, 1కి ఇంకొక తీరు గుర్తు వేసి, కిరణమును మరల అచటనే తాకించినచో, తెర వెలుపలి లోహపు పలక ద్వారా ఆ గుర్తు ఏదియో తెలియును. చిక్కేమనగా, ఈ ఆవేశము సెకనులో కొద్ది భాగముననే కారిపోవును. కనుక చదివిన దానిని చదివినట్లే తిరిగి వ్రాయుచుండవలెను.

ఈ స్మృతిని పరీక్షించుటకే వారు జెఫ్ టూటిల్‌తో కలసి 1948లో ఒక చిన్న యంత్రమును కట్టిరి. స్మృతినాళములో 32 గీతలు, గీతకు 32 బిట్లు. తాత్కాలిక ఫలితమునకు రెండవ నాళము, జరుగుచున్న ఆజ్ఞను గుర్తుంచుటకు మూడవది.

మూడవ నాళములో ఒక గీత సంఖ్య యుండును. యంత్రము దానికి 1 కలిపి, ఆ సంఖ్యగల గీతను స్మృతినుండి తెచ్చుకొనును. అందలి 5 బిట్లు 'ఏ గీతతో పని' అనియు, 3 బిట్లు 'ఏ పని' అనియు చెప్పును. 32 గీతలకు 5 బిట్లు సరిగా చాలునని విద్యార్థులు గ్రహింపగలరు. అంతట యంత్రము రెండవమారు స్మృతి చెంతకు పోయి, ఆ పని నెరవేర్చి, మరల 1 కలుపును. ఇంత తతంగమునకు సుమారు 1.2 మిల్లీసెకనులు పట్టును. అందు సగము కాలము స్మృతి తన గీతలను తిరిగి వ్రాసికొనుటకే సరి!

ఆజ్ఞలు ఏడే. కూడికకు ఆజ్ఞయే లేదు. సంఖ్యను తెచ్చునప్పుడే గుర్తు మారును. 5, 3 కూడవలెనన్న 5ను తెచ్చిన −5 అగును, 3 తీసివేసిన −8. దానిని స్మృతిలో దాచి తిరిగి తెచ్చిన 8 వచ్చును.

ఇది ఆజ్ఞ, ఇది సంఖ్య అని గీతపై ముద్ర యేదియు లేదు. దారితప్పి సంఖ్యయున్న గీతకు పోయినచో యంత్రము దానినే ఆజ్ఞగా పాటించును. మొదట పలుమార్లు తెరపై చుక్కలు పిచ్చిగా చిందులాడినవే గాని జవాబు రాలేదు. 1948 జూన్ 21న సరియైన జవాబు వచ్చెను. కొలది దినములలో 262144కు, అదిగాక, మిగిలిన కారణాంకములలో పెద్దది ఏదియని అడిగిరి. ఆజ్ఞలు 17 మాత్రమే. కాని వానినే తిరిగి తిరిగి పాటించుచు, 52 నిమిషములలో లక్షలకొలది పనులు చేసి, యంత్రము 131072 అని చూపెను. బడిపిల్లవాడు 2చే భాగించి వెంటనే చెప్పగల జవాబే అది! అయినను ప్రతి పనికి స్మృతి ఆజ్ఞ నందింపగలిగెను. పరీక్షింపవలసినది అదియే.

1951 నాటికి ఈ పద్ధతిపై ఫెరాంటి సంస్థ తయారుచేసిన యంత్రము అమ్మకమునకు వచ్చెను. కిరణనాళములు తరువాత మూలబడినవి. నేటి కంప్యూటరులోని ప్రధాన స్మృతి సిలికాను ముక్కపై నున్నది. అయినను అందలి ఆవేశము కారుచునే యుండును, సెకనుకు పలుమార్లు దానిని తిరిగి వ్రాయుచునే యున్నారు.