సుల్తాన్ బజార్ మీదుగా మెట్రో

హైదరాబాద్ మెట్రో రెండో కారిడార్‌లో రైలు నారాయణగూడ దాటాక, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) చేరేలోపు సుల్తాన్ బజార్ మీదుగా వెళ్తుంది. నగరంలో మెట్రోను స్థానికులు గట్టిగా ఎదిరించిన చోట్లలో ఇదొకటి. అసెంబ్లీ ఎదుట, పాతబస్తీలో కూడా అభ్యంతరాలు లేచాయి. అక్కడి వాదన ప్రధానంగా చారిత్రక కట్టడాల మీద, అమరుల స్థూపం మీద, ప్రార్థనాస్థలాల మీద నడిచింది. సుల్తాన్ బజార్ వ్యాపారులు పోరాడింది దుకాణాల కోసం.

ఈ బజారు పుట్టుక బ్రిటిష్ రెసిడెన్సీతో ముడిపడి ఉంది. పంతొమ్మిదో శతాబ్ది తొలి ఏళ్లలో రెసిడెంట్ జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ మూసీకి ఉత్తరాన, తరవాత కోఠి మహిళా కళాశాల వచ్చిన చోట రెసిడెన్సీ భవనాన్ని కట్టించాడు. దాని చుట్టూ పెరిగిన అంగళ్లకు రెసిడెన్సీ బజార్లని పేరు. అక్కడ నిజాం పోలీసులకు గానీ కోర్టులకు గానీ అధికారం ఉండేది కాదు, పాలన రెసిడెంటుదే. ఆ రక్షణ చూసుకునే సాహుకార్లు, బట్టల వర్తకులు అక్కడికి చేరారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీ మీద దాడికి వచ్చినవాళ్లు కాల్పులు జరిపింది కూడా ప్రహరీకి ఎదురుగా ఉన్న సంపన్నుల మేడల్లోంచే. అధికార కేంద్రానికి వర్తకం అంత దగ్గరగా అల్లుకుని ఉండేది. 1933లో ఈ బజార్లు నిజాం ప్రభుత్వం చేతికి తిరిగి వచ్చాక సుల్తాన్ బజార్ అనే పేరు స్థిరపడింది. తెలుగువారికి ఈ పేటతో ఇంకో బంధం ఉంది. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది ఇక్కడే.

ఇలా పెరిగిన బజారులో వీధులు ఇరుకు. కింద దుకాణం, పైన గోదామో కాపురమో ఉంటుంది. చీరలు, గాజులు, తయారు దుస్తులు, పెళ్లి సరుకు కొనడానికి జిల్లాల నుంచి కూడా జనం వస్తారు. చాలా దుకాణాల్లో వ్యాపారం చేసేవాడు వేరు, స్థలం యజమాని వేరు. పాత బజార్లలో పగడీ పద్ధతి ఉంది. దుకాణంలోకి దిగేటప్పుడే కిరాయిదారు పెద్ద మొత్తం ముట్టజెప్పి, ఆపైన తక్కువ కిరాయికి ఏళ్ల తరబడి ఉంటాడు. అతని దృష్టిలో అది దాదాపు సొంత ఆస్తి. స్థలం ఎవరి పేరున ఉందో వాళ్లకే ధర కట్టే అప్పటి భూసేకరణ కాగితాల్లో మాత్రం అతని పగడీకి లెక్క ఉండేది కాదు. వ్యాపారుల భయానికి అసలు మూలం ఇదే. ధర్నాల్లో వినిపించిన మిగతా కారణాలన్నీ దీని తరవాతే వస్తాయి.

నగరానికి మెట్రో ఆలోచన 2003 ప్రాంతంలో రూపు దాల్చింది. ఢిల్లీ మెట్రో సంస్థ అధ్యయనం చేసి ఇచ్చిన ప్రణాళిక చివరికి మూడు కారిడార్లుగా, సుమారు 71 కిలోమీటర్లుగా కుదిరింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనికోసం మునిసిపల్ ట్రామ్‌వేల చట్టం చేసింది. అంటే చట్టం దృష్టిలో మెట్రో మొదట ఒక ట్రామ్. కేంద్ర మెట్రో చట్టాల కిందికి వచ్చింది తరవాతే. అదే ఏడాది టెండరు మేటాస్ కూటమికి దక్కింది. సర్కారు సాయం అడగకపోగా, తామే 35 ఏళ్లలో 30,311 కోట్ల రూపాయలు సర్కారుకు చెల్లిస్తామని ఆ కూటమి ముందుకొచ్చింది. ఈ లెక్కను, దాని వెనకున్న, కూటమికి దక్కే సర్కారు భూముల వ్యవహారాన్ని ఢిల్లీ మెట్రో అప్పటి సారథి శ్రీధరన్ బాహాటంగానే తప్పుపట్టారు. 2009 జనవరిలో, మేటాస్ యజమానుల కుటుంబానికే చెందిన సత్యం కంపెనీ కుంభకోణం బయటపడింది, జూలైలో ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం కుదిరింది. ఈసారి సర్కారే 1,458 కోట్ల లోటుభర్తీ నిధి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. గుత్తేదారు మారాడు గానీ సుల్తాన్ బజార్ మీదుగా గీసిన గీత మారలేదు.

గీత అక్కడే ఎందుకంటే, ఉత్తరాన జేబీఎస్ (జూబిలీ బస్‌స్టేషన్) నుంచి దక్షిణాన ఫలక్‌నుమాకు వెళ్లే దారిలో కాచిగూడ, కోఠి రద్దీని అందుకోవాలి. పట్టాలు నేల మీద కాకుండా స్తంభాల మీద నడుస్తాయి. రోడ్డు నడుమ ఒకే వరుసలో స్తంభాలు లేపి, ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసిన కాంక్రీటు ముక్కలను తెచ్చి, పైన యంత్రంతో జోడిస్తారు. వెడల్పాటి రోడ్లలో దీనికి పెద్దగా కూల్చివేతలు అక్కర్లేదు. ఇరుకు వీధిలో అలా కుదరదు. స్తంభానికి చోటు, దానికి ఇరువైపులా వాహనాలు పోయే దారి, స్టేషన్ ఉన్నచోట మెట్లూ లిఫ్టులూ దిగే జాగా కావాలి. ఇదంతా దుకాణాల ముందుభాగం నుంచే రావాలి. ఆరేడు గజాల లోతున్న కొట్టుకు ముందుభాగం పోతే మిగిలేది కొట్టు కాదు.

సుల్తాన్ బజార్, దాని పక్కనున్న బడీచౌడీ వ్యాపారులు బంద్‌లు, ధర్నాలు చేశారు. దారి మళ్లించమని, లేదా భూగర్భంలో వేయమని అడిగారు. భూగర్భ మార్గానికి ఖర్చు ఎన్నో రెట్లని అధికారులు కాదన్నారు. అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న తెలంగాణ రాష్ట్ర సమితి వ్యాపారుల పక్షాన నిలిచింది. 2014లో రాష్ట్రం ఏర్పడి ఆ పార్టీయే అధికారంలోకి రావడంతో, ఆ ఏడాదే అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర మార్గం మారుస్తామని ప్రకటన వచ్చింది. వ్యాపారులు గెలిచామనుకున్నారు. అయితే బజారును తప్పించాలంటే గీతను మహిళా కళాశాల వైపు తిప్పాలి. అక్కడున్నది బజారుకు జన్మనిచ్చిన రెసిడెన్సీ భవనం, నగరపు ముఖ్య వారసత్వ కట్టడాల్లో ఒకటి. ఒకరి అభ్యంతరం తీరిస్తే ఇంకొకరిది మొదలయ్యేది. పైగా మార్గం మారితే ఖర్చు, ఆలస్యం ఎవరి ఖాతాలో వేయాలన్న పేచీ కూడా ఉంది. చివరికి అసెంబ్లీ దగ్గరా, సుల్తాన్ బజార్ దగ్గరా పాత గీతే నిలిచింది. వ్యాపారులతో చర్చలయ్యాక 2017లో కూల్చివేతలూ పనులూ మొదలయ్యాయి.

అన్నేళ్ల ఎదిరింపు వృథా అనడం సరికాదు. మొదట్లో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం. ఈలోగా 2014 జనవరి 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. సేకరణకు మూడేళ్ల ముందు నుంచి అక్కడే బతుకుదెరువు ఉన్న కిరాయిదారులను కూడా అది బాధిత కుటుంబాల్లో చేర్చింది. సొంతదారుకు ఇచ్చే పరిహారం మీద నూరు శాతం సొలేషియం (ఊరట మొత్తం) కలపాలంది. బజారు ఉద్యమం గీతను కదపలేకపోయింది, కానీ కాలాన్ని సంపాదించింది. ఆ కాలంలోనే కిరాయిదారు చట్టానికి కనబడే మనిషయ్యాడు. వ్యాపారులకు మాటిచ్చి అదే గీత మీద పని మొదలుపెట్టిన రాజకీయానికి మాత్రం ఇందులో గొప్పేమీ లేదు.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం, దాంతోపాటు సుల్తాన్ బజార్ స్టేషన్ తెరుచుకున్నాయి. దీంతో మూడు కారిడార్లలో కలిపి మెట్రో నడక సుమారు 69 కిలోమీటర్లకు చేరింది. తొలి ప్రణాళికలో తేలని ముక్క ఎంజీబీఎస్–ఫలక్‌నుమా మాత్రమే. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా ఇదే తరహా ఇరుకు రోడ్లు, పైగా వాటి వెంట మసీదులు, ఆషూర్‌ఖానాలు, గుళ్లు. ఆ మార్గానికి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. తరవాత దాన్ని చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి 7.5 కిలోమీటర్లు చేశారు. ఆస్తులు ఇవ్వడానికి ఒప్పుకున్నవారికి గజానికి 81,000 రూపాయల చొప్పున లెక్కగట్టి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలుపెట్టారు.