రాతి అచ్చు, మైనపు అచ్చు

ఈసారి లోహం పోత గురించి రాస్తున్నాం.

ఇంగ్లండ్‌లో 1170లో కాంటర్‌బరీ చర్చిలో థామస్ బెకెట్ హత్య జరిగాక, అక్కడికి యాత్రికులు పోటెత్తారు. గుర్తుగా వాళ్లు టోపీకి గుచ్చుకున్న బిళ్లలు తగరం, సీసం కలిపి పోసినవి. రాతి మీద బొమ్మను తిరగేసి చెక్కి, పైన ఇంకో పలక కట్టి, కరిగిన లోహం పోసేవాళ్లు. ఒక్క అచ్చుతో బోలెడు బిళ్లలు! ఆ పని ఆగిపోయింది. ఇప్పుడు కొందరు పాత అచ్చులు చూసి మళ్లీ మొదటినుంచీ నేర్చుకుంటున్నారు.

మేమూ నందివెలుగులో చేసి చూశాం. వెల్డింగ్ షాపులో ఇనుము మీద గీతలు గీసే బలపం మెత్తటి సబ్బురాయే. టంకం కడ్డీలో ఉండేది తగరం, సీసమే. రెండు బలపాలు నున్నగా అరగదీసి, ఒకదాని మీద మేకుతో చిన్న ఆకు చెక్కాం. మొదటిసారి పోస్తే మూతి దగ్గరే గడ్డకట్టింది. రాయి చల్లగా ఉంది మరి! రెండోసారి రాయిని వేడిచేసి పోశాం. ఆకు వచ్చింది గానీ కొస రాలేదు. గాలి పోయేందుకు సన్న గాడి ఉండాలని అప్పుడు తెలిసింది. (సీసం పొగ ప్రమాదం, ఆరుబయటే చేయండి. రాయి తడిగా ఉంటే లోహం మీదికి చిమ్ముతుంది.)

వేలెడంత ఆకుకే ఇన్ని తిప్పలు పడ్డాక, ఆదిలాబాద్ డోక్రా విలువ అర్థమైంది. జైనూరు మండలం ఉషేగావ్‌లో ఓజాలు మట్టి ముద్ద మీద మైనపు దారాలు చుట్టి బొమ్మ తీరుస్తారు. పైన మట్టి పూసి కాలిస్తే మైనం కారిపోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి దిగుతుంది. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, ఇత్తడికి 900 దాటాలి. పైగా అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చం ఒకేలా ఉండవు. గోండుల, కోలాముల దేవుళ్ల బొమ్మలు, గంటలు ఇలా పుట్టినవే.

2018లో ఈ కళకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ మంట ఏ రంగుకొచ్చినప్పుడు పోయాలో ఆ కాగితం చెప్పదు, పక్కన కూర్చుని చూసినోళ్లకే తెలుస్తుంది. యూరప్ వాళ్లు తెగిన దారాన్ని వెతుక్కుంటున్నారు. మనది ఇంకా తెగలేదు.

పుస్తకాల్లో మన చరిత్ర లేదని బాధపడుతుంటాం. అది మనోళ్ల చేతుల్లో ఉంది. బుట్ట అల్లడమో, వల కట్టడమో, మీ ఇంట్లో పెద్దోళ్లకు తెలిసిన ఒక్క పని ఈ సెలవుల్లో పక్కన కూర్చుని నేర్చుకోండి. తప్పులతో సహా రాసి ఇక్కడ పెట్టండి. మా కొసలేని ఆకు ఫోటో మేం పెడతాం!