చిగురుగుంట బంగారము



మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు పోవునప్పుడు దారి పొడవునను గుండ్లకొండలు, మెట్టచేలు, చింతచెట్లు కానవచ్చును. ఈ నేలలో బంగారమున్నదని పైచూపునకు తోచదు. కాని కోలారు బంగారపు రాతిపట్టియే దక్షిణముగా సాగి మన చిత్తూరు సీమను చొచ్చినది. కుప్పమునకు సమీపమున చిగురుగుంట, బిసానత్తములయందు గనులు త్రవ్వబడినవి. ఆ లోహమును గూర్చి నేడు నాలుగు మాటలు విన్నవించుకొందును.

బంగారము అరుదైనది, మెత్తనిది. ఒక్క గ్రాము మేలిమి బంగారమును సాగగొట్టినచో ఇంచుమించు చదరపు మీటరు రేకగును. అది నీటికన్న 19 రెట్లు బరువు, చిలుమెరుగదు. మెత్తనిదగుటచే నగలు అరగిపోకుండ కంసాలి దానియందు రాగియో వెండియో కలుపును. చిలుము పట్టనిదగుటచే దంతవైద్యునకును, విద్యుద్యంత్రములలోని సన్నని తీగలకును పనికివచ్చుచున్నది.

1802లో మైసూరు సరిహద్దు కొలుచుచుండిన జాన్ వారెన్ అను దొర బంగారపు వార్త విని బహుమానము ప్రకటింపగా, పల్లెవారు బండ్లతో మన్ను తెచ్చి, కడిగి, పసిడి రజను చూపిరి. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు కోలారున యంత్రములతో పనికి దిగిరి. 1902లో శివసముద్రమునుండి విద్యుత్తు వచ్చెను. పిమ్మట గని మూడు కిలోమీటర్లకు మించి లోతయ్యెను. అడుగున రాతి వేడిమి 60 డిగ్రీలు దాటెడిది. మన తెలుగువారును, తమిళులును అందు దిగి పనిచేసిరి. రాతిధూళి పీల్చి ఊపిరితిత్తులు చెడినవారు, రాళ్లు పగిలి మీదపడి మడిసినవారు అనేకులు.

టన్ను రాతిని పొడిచేసినను చివరి దినములలో దక్కినది కొద్ది గ్రాములే. రాబడికన్న వ్యయము మించుటచే 2001 ఫిబ్రవరి 28న కోలారు గనులు మూతపడెను. చిగురుగుంట పనియు నిలిచెను. బంగారము వెడలిపోయినది, సయనైడు కలిసిన ఇసుకదిబ్బలు మాత్రము కోలారున నిలిచినవి.

చిగురుగుంట గనులను మరల తెరచు ప్రయత్నములు తరువాత సాగినవి. పనులు వచ్చుట మంచిదే. కాని పెద్దలారా, ఎవరైన గని త్రవ్వ వచ్చినపుడు, బంగారమెంత యని అడుగుటకు ముందు ఆ పొడి ఎచట పోయుదురు, నీరెచటనుండి తెత్తురు, కూలివాని ఊపిరికి పూచీ యెవరు అని అడుగుడు. గీటురాతిపై వన్నె చూచి గాని బంగారము కొనని మనము, గనివిషయమునను అట్టి పరీక్షయే చేయుట ధర్మము.