కమాన్ పట్టీల నాటి లెక్క

జీపు ఎత్తు పెంచాలనుకున్నవారు ముందు అడిగేది ఎన్ని అంగుళాలు లేస్తుందని. స్ప్రింగుల ఊసు ఆ తర్వాత వస్తుంది. షాక్ అబ్జార్బర్ల మాట, డబ్బు మిగిలితేనే. ఈ వరస తెలియనితనం వల్ల పుట్టింది కాదు, దీని వెనక చరిత్ర ఉంది. కొండదారుల బళ్లు మొదటి ముప్ఫై ఏళ్లూ దాదాపుగా కమాన్ పట్టీల మీదే నడిచాయి. షాకులు చేయాల్సిన పనిలో కొంత ఆ పట్టీలే చేసిపెట్టాయి. పట్టీలు పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాక కూడా పాత లెక్కే కొనసాగడం వల్లనే, ఎత్తు పెంచిన బళ్లలో ఇన్ని గంతులు, ఇన్ని ఊపులు అని నా వాదన.

1941 నాటి విల్లీస్ ఎంబీ జీపుకు ముందూ వెనకా కమాన్ కట్టలే. 1947లో మహీంద్రావారు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిన జీపుకూ, 1948 నాటి ల్యాండ్ రోవర్‌కూ అవే. కట్ట వంగినప్పుడల్లా పట్టీలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి, ఆ రాపిడి ఊపును కొంత చంపుతుంది. షాకు అరిగిపోయినా జీపు ఎలాగోలా నడిచిందంటే అందుకే. ఎత్తు పెంచడమూ కొలిమి దగ్గర తేలిపోయే పనే: కట్టలో మరో పట్టీ చేర్చడం, పాత పట్టీలకు మళ్లీ వంపు పెట్టడం, కట్ట ఒక కొసను చట్రానికి కలిపే షాకిల్‌ను పొడుగుది వేయడం. షాకిల్ రెండంగుళాలు పెరిగితే బండి లేచేది దాదాపు ఒక్క అంగుళమే, ఎందుకంటే కట్ట రెండో కొస కదలదు. ఇంకా ధైర్యవంతులు యాక్సిల్ కింద ఉన్న కట్టను దాని పైకి మార్చారు. ఆ రోజుల్లోనూ తయారీదార్లు బరువు లెక్క వదల్లేదు. పాత ల్యాండ్ రోవర్లలో డ్రైవరు వైపు కట్టకూ అవతలి వైపు కట్టకూ తేడా ఉండేది.

1970లో రేంజ్ రోవర్ వచ్చి ఈ లెక్కను తలకిందులు చేసింది. ఇంజినీరు స్పెన్ కింగ్ బృందం నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు పెట్టింది. అవి మెత్తనివి, చక్రాన్ని చాలా దూరం కిందికీ పైకీ పోనిచ్చేవి. మెత్తని స్ప్రింగు బరువుకు కుంగుతుంది కాబట్టి వెనక యాక్సిల్ మీద బండిని మళ్లీ మట్టానికి తెచ్చే పరికరం విడిగా అమర్చారు. గట్టి స్ప్రింగు వేసి చేతులు దులుపుకోలేదన్నది గమనించాలి. 1984లో జీప్ చెరోకీ ముందు వైపు, 1990లో ల్యాండ్ క్రూజర్ 80 సిరీస్ నాలుగు వైపులా కాయిళ్లకు మారాయి. కాయిల్‌లో పట్టీల రాపిడి లేదు, ఊపును ఆపే భారమంతా షాకుదే. స్ప్రింగును 40 శాతం గట్టిపరిస్తే, అదే బరువుకు, అదే నిలకడ కావాలంటే షాకు నిరోధమూ సుమారు 18 శాతం పెరగాలి. స్ప్రింగు మార్చకుండా పైన స్పేసర్ పెడితే ఇంకో చిక్కు. పాత షాకు అప్పటికే సగం సాగి ఉంటుంది, చక్రం గుంతలోకి జారగానే దాని కొస తగిలి ఠక్కుమంటుంది.

దీనికి రుజువు ఎడారుల్లో దొరుకుతుంది. 1967లో మెక్సికోలో టిజువానా నుంచి లా పాజ్ దాకా జరిగిన మొదటి బాహా పందెంలో గెలిచింది ఎత్తైన ట్రక్కు కాదు, మేయర్స్ మాంక్స్ అనే తేలికపాటి బగ్గీ. షాకు చేసే పని కదలికను వేడిగా మార్చడం. ఆస్ట్రేలియా మట్టిరోడ్ల మీద గంటల తరబడి అలల్లాంటి గతుకులు దాటితే ఆ వేడికి నూనె పలచబడుతుంది, గాలి కలిసి నురగ కడుతుంది, పట్టు పోతుంది. ఫ్రెంచివాడు డి కార్బన్ ఆలోచించిన ఒంటి గొట్టం గ్యాస్ షాకును బిల్‌స్టీన్ 1957లో మెర్సిడెస్ కార్ల కోసం భారీగా తయారు చేసింది. అందులో నూనెనూ గ్యాస్‌నూ ఒక పిస్టన్ విడదీస్తుంది కాబట్టి నురగకు అవకాశం తక్కువ. ఎడారి బళ్లకు అది అచ్చంగా సరిపోయింది. ఆస్ట్రేలియాలో ఓల్డ్ మ్యాన్ ఎము వంటి సస్పెన్షన్ తయారీదార్ల జాబితాలు స్ప్రింగులను మోసే బరువును బట్టి విడదీస్తాయి: ముందు ఇనుప బంపరు ఉందా, విన్చ్ ఉందా, వెనక ఎన్ని కిలోల సామాను ఎప్పుడూ ఉంటుంది. షాకు ఆ స్ప్రింగుకు జోడీగా వస్తుంది.

రాళ్లు తగలకూడదంటే ఎత్తు కావాలి కదా అనవచ్చు. కావాలి. కానీ ఇరుసు మొత్తం ఒకే దూలంగా ఉన్న బండిలో నేలకు దగ్గరగా వేలాడేది డిఫరెన్షియల్, దాన్ని స్ప్రింగు అంగుళం కూడా లేపదు. లేపేది పెద్ద టైరే. లిఫ్ట్ ఆ టైరుకు చోటిస్తుంది, అంతే. ఇంకో అభ్యంతరం బలమైనది: విజయవాడ ఆటోనగర్‌లో పట్టీలు చేర్పించుకున్న లారీలు ఏళ్ల తరబడి బరువు మోయడం లేదా? మోస్తున్నాయి, లోడు ఉన్నప్పుడు. ఖాళీ లారీ వెనక భాగం ఎగిరెగిరి పడటం ఏ రోడ్డు మీదైనా కనిపిస్తుంది. 2010 మహీంద్రా థార్‌కు వెనక కమాన్ పట్టీలుండేవి, 2020లో వచ్చినదానికి అన్నీ కాయిళ్లే. ఒకరిద్దరు ఎక్కి ఖాళీగా తిరిగే అలాంటి బండికి లారీ లెక్క వేయడంలో అర్థం లేదు. డబ్బు ఒక్కదానికే చాలితే, కంపెనీ స్ప్రింగులు ఉంచేసి మంచి షాకులు వేయించుకోవడమే నాకు సబబుగా తోస్తుంది, ఎత్తు ఒక్క అంగుళమూ పెరగకపోయినా సరే.