పాండిచ్చేరిలో ఆ మూడు రోజులు

2002 సెప్టెంబరు 29. పాండిచ్చేరి పేరు అప్పటికింకా పుదుచ్చేరిగా మారలేదు. ‘యోగా, మనస్తత్వశాస్త్రంలో భారతీయ పద్ధతులు’ అన్న అంశంపై జాతీయ సదస్సు. దేశం నలుమూలల నుంచీ 150 మందికి పైగా మనస్తత్వ నిపుణులు వచ్చారు.

వాళ్లలో సొంతంగా క్లినిక్ నడుపుకునే ఒకాయన ఉన్నాడనుకుందాం. బయట బోర్డు, లోపల రెండు కుర్చీలు, బల్ల మీద అమెరికాలో తయారైన ప్రశ్నావళి. ఎదుట భర్త పోయిన ఓ అమ్మ.

“నిద్ర పడుతోందా అమ్మా?”

“ఏం నిద్ర బాబూ! అంతా నా కర్మ.”

ఆయన పెన్ను ఆగిపోతుంది. ఆ జవాబు రాసుకోవడానికి ప్రశ్నావళిలో గడి లేదు.

ఈ గది నా ఊహ. ఆ ఇబ్బంది మాత్రం నిజం. అక్టోబరు 1న ఆ సదస్సు నుంచి వెలువడిన ‘పాండిచ్చేరి ప్రకటన’ దాన్ని దాచకుండా ఒప్పుకుంది. మన మనస్తత్వశాస్త్రం పడమటి నుంచి తెచ్చి నాటినదేననీ, ఇక్కడి జనం బతుకుతో దానికి ముడిపడలేదనీ, అనుకరణ దాటి కొత్తదారి తొక్కలేదనీ నిపుణులే రాసుకున్నారు. ఇక్కడి ఆలోచనలోంచి, ఆచరణలోంచి పుట్టిన మనస్తత్వ సంప్రదాయం మనకుందనీ, దాన్ని పాఠ్యాంశాల్లోకి తేవాలనీ కోరారు. సొంత వృత్తి లోపాన్ని అందరూ కలిసి కాగితం మీద పెట్టడానికి గుండె కావాలి.

నిజానికి మన దేశంలో ఈ వృత్తివారి సంఘానికి నాంది పలికింది ప్రైవేటుగా రోగులను చూసే వైద్యుడే. 1922లో కలకత్తా పార్శీ బగాన్ వీధిలోని తన ఇంట్లో గిరీంద్రశేఖర్ బోస్ భారతీయ మనోవిశ్లేషణ సంఘం స్థాపించారు. ఫ్రాయిడ్‌తో ఉత్తరాలు నడుపుతూనే ఆయనతో విభేదించగలిగిన మనిషి. 1953లో కన్నుమూసేదాకా ఆయనే అధ్యక్షుడు. ఆ తర్వాత 1968లో క్లినికల్ సైకాలజిస్టుల సంఘం, 1989లో జాతీయ మనస్తత్వశాస్త్ర అకాడమీ వచ్చాయి.

పాండిచ్చేరి మాట గాలికి పోలేదు. 2006లో ఆ ఊళ్లోనే భారతీయ మనస్తత్వశాస్త్ర సంస్థ మొదలైంది. 2008లో ఈ అంశంపై వచ్చిన పెద్ద సంకలనానికి ముగ్గురు సంపాదకుల్లో ఒకరు మన తెలుగువారే, ఆంధ్రా విశ్వవిద్యాలయానికి చెందిన కోనేరు రామకృష్ణారావు.

ఆ మూడు రోజులు ఏం నేర్పాలో తేల్చాయి. బోర్డు ఎవరు కట్టాలన్నది మాత్రం చట్టం తేల్చాల్సిన సంగతి. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి రిజిస్టరులో ఉండాలని 1992 చట్టం చెబుతోంది. రిజిస్టరులో లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మిగతా సైకాలజిస్టులను ఒక కమిషన్ కిందికి తెచ్చే చట్టం రావడానికి 2021 దాకా ఆగాల్సి వచ్చింది. ఇంత ఆలస్యం క్షమించరానిది. కష్టంలో ఉన్న మనిషి తలుపు తట్టేటప్పుడు లోపలున్నది ఎవరో తెలుసుకునే స్థితిలో ఉండడు.

అందుకే ఇంట్లోవాళ్లకు నా మనవి. మీ బిడ్డనో తల్లినో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకు తీసుకెళ్తే, కూర్చోబెట్టే ముందే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అడగడం మర్యాద తప్పడం కాదు. అసలైన నిపుణులు వెంటనే చూపిస్తారు.